వేసవి సెలవులకు యూరప్‌కా, అమ్మ దగ్గరికా?

టెక్సాస్‌లోని ప్లేనో నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఏళ్లు. పుట్టిల్లు హనుమకొండ, అత్తవారిది గుంటూరు. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పదమూడేళ్ల పాప, ఆరేళ్ల బాబు అమెరికాలోనే పుట్టారు. 2021 మే నెలలో ఆమె తండ్రి కోవిడ్‌తో చనిపోయారు. అప్పుడు వీళ్లు హెచ్-1బీ మీద ఉన్నారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. ఇండియాలోని అమెరికన్ కాన్సులేట్లు మామూలు వీసా అపాయింట్‌మెంట్లు ఆపేశాయి. వెళ్తే తిరిగి ఎప్పుడు రాగలరో తెలియదు, ఇంట్లో ఏడాది పిల్లాడు. తండ్రి అంత్యక్రియలు ఫోన్లో చూశారు. 2022లో గ్రీన్‌కార్డులు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నలుగురూ మూడు వారాలు ఇండియా వెళ్లొచ్చారు. గుంటూరు, రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, బట్టల షాపింగ్ అన్నీ పోగా అమ్మ దగ్గర పడుకున్నది నాలుగు రాత్రులు.

ఈ వేసవికి ఆమె భర్త మరో మూడు స్నేహితుల కుటుంబాలతో కలిసి పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ అని పన్నెండు రోజుల ప్లాన్ వేశారు. "ఆఫీసులో అందరూ తిరుగుతున్నారు. మనం ఇంకెప్పుడు చూస్తాం? పాప కాలేజీకి వెళ్లాక మనతో వస్తుందా?" అని ఆయన వాదన. ఆమెకు ఏడాదికి 15 రోజుల సెలవు. చేతిలో ఉన్న డబ్బు నలుగురికీ ఒక్క పెద్ద ప్రయాణానికే సరిపోతుంది. పాప "ఇండియా వెకేషన్ కాదు, అక్కడ బోర్" అంటోంది. ఆమె ఒక్కతే హనుమకొండ వెళ్తే అత్తగారు నొచ్చుకుంటారు. క్రితం స్ప్రింగ్ బ్రేక్‌లో మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్లి వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెడితే, మర్నాడు ఫోన్లో అమ్మ "నీళ్లు మస్తు నీలంగున్నయ్ బిడ్డా" అన్నారట. ఆ తర్వాత "ఎప్పుడొస్తరు" అని అడగడం మానేశారట.

"యూరప్ వద్దంటే నేను స్వార్థపరురాలినా? వెళ్తే అమ్మకు అన్యాయం చేసినదాన్నా? మావారికి ఎలా చెప్పాలి?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీవారి సంగతి చూద్దాం. ఉత్తరంలో ఆయన కాస్త దోషిగా కనిపిస్తున్నారు, అది న్యాయం కాదేమో అనిపించింది.

ఆ కోరిక ఆయన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఇప్పుడు గాలే అటు వీస్తోంది. దేశం దాటి వెళ్లే ప్రయాణాల లెక్క అక్కడి వాణిజ్య శాఖలోని ట్రావెల్ అండ్ టూరిజం ఆఫీసు చూస్తుంది. 2019లో అమెరికన్ పౌరులు దాదాపు 10 కోట్ల సార్లు విదేశాలకు వెళ్లారు. 2020లో అది 3 కోట్ల చిల్లరకు పడిపోయింది. 2024 వచ్చేసరికి 10 కోట్ల 70 లక్షలు దాటింది. అందులో మూడో వంతుకు పైగా మెక్సికోకే, ఆ తర్వాత కెనడా. యూరప్ వెళ్లినవి 2 కోట్లకు పైనే. ఒక్క జపాన్‌కే 2024లో 27 లక్షల మంది అమెరికన్లు వెళ్లారు. కోవిడ్‌కు ముందు అది 17 లక్షలు. యెన్ విలువ బాగా పడిపోయి, డాలర్లు తీసుకెళ్లిన వాళ్లకు అక్కడ అన్నీ చవకగా కనిపించడం దీనికో పెద్ద కారణం. యూరప్ విషయంలోనూ 2022 వేసవిలో యూరో దిగి దిగి డాలరుతో సమానమైంది. ఇళ్లలో కూర్చుని విసిగిపోయిన జనం అప్పుడు మొదలుపెట్టిన పరుగు ఇంకా ఆగలేదు.

ఒకప్పుడు అమెరికన్లు ఇలా లేరు. 1990లో ఇరవై మందిలో ఒకరి దగ్గర పాస్‌పోర్టు ఉంటే గొప్ప. ఇవాళ ఇంచుమించు సగం మంది దగ్గర ఉంది. మెక్సికో, కెనడా, కరీబియన్ దీవుల నుంచి విమానంలో తిరిగి రావాలన్నా పాస్‌పోర్టు ఉండాల్సిందేనని 2007లో రూలు వచ్చింది. బీచ్‌కి వెళ్లడం కోసం పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు ఆ తర్వాత పారిస్ గురించి కూడా ఆలోచించడం మొదలుపెట్టారు. కాబట్టి ఆగస్టులో బడి తెరవగానే మీ పాపను పక్కపిల్ల "మీరు ఎక్కడికెళ్లారు?" అని అడుగుతుంది. మీవారిని సోమవారం పొద్దున మీటింగ్‌కు ముందు టీమ్‌లో వాళ్లు అడుగుతారు. హెచ్-1బీ మీద ఏళ్ల తరబడి స్టాంపింగ్ భయంతో కదలకుండా కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో నేను ఊహించగలను. ఆయనకు గ్రీన్‌కార్డు అంటే తలుపు తెరుచుకోవడం. అందులో తప్పేమీ లేదు.

మీకు అదే కార్డు ఇంకో రకంగా కనిపిస్తోంది. ఇకమీద ఏదైనా జరిగితే నేను వెళ్లగలను అనే ధైర్యం మీకు దాంతో వచ్చింది. ఆ ధైర్యం ఉండి కూడా వెళ్లకపోతే 2021లో వెళ్లలేకపోయినదానికి, ఇప్పుడు వెళ్లనిదానికి తేడా ఏముంది అనే బాధ మిమ్మల్ని తినేస్తోంది. ఉత్తరంలో మీరు ఈ మాట నేరుగా రాయలేదు. తండ్రి గురించి రెండు లైన్లు రాసి, యూరప్ గురించి రెండు పేజీలు రాశారు. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి మీవారికి చెప్పానన్నారు కానీ, నాన్న విషయం ఈ ప్రయాణంతో ముడిపడి ఉందని ఆయనతో ఎప్పుడైనా అన్నారా? అన్నట్టు ఎక్కడా కనపడలేదు.

అందుకే మీరనుకుంటున్నట్టు ఇక్కడ ఉన్నవి రెండు ప్రయాణాలు కావు, మూడు. ఒకటి కుటుంబం సరదాగా తిరగడం. రెండోది నలుగురూ కలిసి ఇండియా వెళ్లి రెండు వైపులా బంధువులకు ముఖం చూపించి రావడం. మూడోది మీరు మీ అమ్మ దగ్గర నిమ్మళంగా కూర్చోవడం. పోయినసారి రెండోది చేసి, మూడోది కూడా అయిపోయిందని అనుకున్నారు. నాలుగు రాత్రుల్లో అది ఎలా అవుతుంది? ఇప్పుడు మొదటిదాన్ని మానేసి మళ్లీ రెండోదే చేస్తే మీవారికి అసంతృప్తి మిగులుతుంది, మీకూ మూడోది దక్కకపోవచ్చు.

మీ ముందున్న దారులు చెబుతాను. ఏ దారిలో ఏం పోతుందో కూడా చెబుతాను. ఎంచుకోవాల్సింది మీ ఇద్దరూ.

నాకు అన్నిటికంటే ముందు తోచింది మీరు ఒక్కరే వెళ్లడం. యూరప్ పన్నెండు రోజులంటే వారాంతాలు తీసేస్తే ఎనిమిదో తొమ్మిదో సెలవులు పోతాయి. మీకు ఇంకా ఆరు మిగులుతాయి. వాటిని థ్యాంక్స్‌గివింగ్‌కు కలపండి. ఆ గురు, శుక్రవారాలు చాలా ఆఫీసులకు సెలవే. ముందు వారం బుధవారం బయల్దేరితే, థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారానికి ఇల్లు చేరొచ్చు. విమానాల్లో పోయేది పోగా అమ్మ దగ్గర ఏడెనిమిది రోజులు దొరుకుతాయి. నవంబర్‌లో హనుమకొండ హాయిగా ఉంటుంది. డిసెంబర్ రద్దీ మొదలుకాదు కాబట్టి టికెట్ ధర కూడా కొంత నయం, పైగా కొనాల్సింది ఒక్క టికెట్.

ఆ వారంలో ఏం చేస్తారో ఇప్పుడే ఊహించుకోండి. పెళ్లి పిలుపులు ఉండవు, పెట్టెల కొద్దీ కానుకలు మోయక్కర్లేదు. అమ్మను ఎముకల డాక్టరుకు మీరే చూపించి, ఆపరేషన్ అవసరమా కాదా అని స్వయంగా అడగొచ్చు. నాన్నగారి పేరున ఉన్న బ్యాంకు ఖాతా, ఇంటి కాగితాలు, పెన్షన్ సంగతి అమ్మ ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారో చూడొచ్చు. ఎవరో ఒకరు కూర్చుని ఆ బీరువా తెరవాలి. నలుగురితో వెళ్లినప్పుడు ఆ పని జరగదు, ఫోన్లో అసలే జరగదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆవిడ పక్కన నడుం వాల్చి మాట్లాడుకునే గంట ఒకటి ఉంటుంది చూడండి, దానికోసమే వెళ్లమంటున్నాను.

దీని ఇబ్బందులూ ఉన్నాయి. అమ్మమ్మకు మనవలు కనపడరు. పన్నెండు రోజులు ఇల్లు, పిల్లలు మీవారి మీద పడతాయి. యూరప్ ఖర్చు పైన ఇంకో టికెట్ ఖర్చు కాబట్టి యూరప్‌లో ఒక దేశం తగ్గించుకోవాలి. స్విట్జర్లాండ్ ఖరీదైన దేశం, అది వదిలినా చాలు మీ టికెట్ డబ్బు మిగలొచ్చు. మూడు కుటుంబాలతో కలిసి వేసుకున్న ప్లాన్ కాబట్టి ఆ మాట మీవారు స్నేహితులతో అనాల్సి వస్తుంది, అది ఆయనకు కొంచెం కష్టమే.

ఇదే దారిలో చిన్న మార్పు ఉంది. పాపను వెంట తీసుకెళ్లడం. మీ వైపు చాలా స్కూళ్లకు థ్యాంక్స్‌గివింగ్ వారమంతా సెలవు ఇస్తారు కాబట్టి రెండు మూడు రోజుల బడి పోతుంది, అంతే. ఇండియా అంటే ఆ పిల్ల చూసింది ఇద్దరు ముగ్గురు ఆంటీలు బుగ్గలు గిల్లడం, ఏసీ లేని ఫంక్షన్ హాల్లో పట్టులంగాతో కూర్చోవడం. అమ్మతో ఒక్కతే వెళ్తే అది వేరే ఊరు. కానీ బలవంతం చేయకండి. అడగండి, రానంటే వదిలేయండి.

రెండో దారి, యూరప్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేసి నలుగురూ ఇండియా వెళ్లడం. వెళ్తే పోయినసారిలా మాత్రం వద్దు. బోర్ అని పాప అన్నదాంట్లో నిజముంది, దాని కారణం క్యాలెండర్లో ఉంది. మీ పిల్లలకు మే చివర్లో సెలవులిస్తారు. చాలా కుటుంబాలు జూన్ మధ్యలోనో జూలైలోనో బయల్దేరతాయి. తెలంగాణలో, ఆంధ్రలో జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. మీ వాళ్లు దిగేసరికి అక్కడి పిల్లలు పొద్దున ఏడున్నరకు బ్యాగులు తగిలించుకుని వెళ్లిపోయి, సాయంత్రం ట్యూషన్ కూడా ముగించుకుని వస్తారు. మీ పాప రోజంతా ఐప్యాడ్ పట్టుకుని పెద్దవాళ్ల మధ్య కూర్చుంటుంది. బోర్ కాక ఏమవుతుంది? అదే బడి మూసిన వారమే బయల్దేరితే రెండు వారాలు పిల్లలంతా కలిసి ఉంటారు. అయితే అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు. పగలు ఇంట్లో పేకలు, క్యారమ్స్, సాయంత్రం బయట తిరుగుడు అని సిద్ధపడి వెళ్లాలి. అమ్మ ఇంట్లో ఒక గదికి ముందే ఏసీ పెట్టించండి. ఆవిడకూ పనికొస్తుంది.

ఆ ప్రయాణంలో చూడాల్సినవి కూడా పెట్టుకోండి. మీ ఊరికి గంటన్నర దూరంలో పాలంపేట రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. అలా ఎందుకు కట్టారు, ఇసుక పునాది మీద అంత బరువు ఎలా నిలిచింది అన్నది పదమూడేళ్ల పిల్ల ఆసక్తిగా వినే విషయమే. పక్కనే లక్నవరం చెరువు, వేలాడే వంతెన ఉన్నాయి. గుంటూరు వైపు ఉండవల్లి గుహలు, కొండవీటి కోట ఉన్నాయి. రోమ్ చూడాలన్న కోరికకు ఇవి బదులు అని నేననను, మీరూ అనకండి. ఇండియా వెళ్లినప్పుడు కూడా మనం యాత్రికుల్లా ఒకటి రెండు రోజులు తిరగొచ్చని మాత్రం అంటున్నాను.

ఈ దారిలో పోయేది మీవారి ఉత్సాహం. స్నేహితులు ముగ్గురూ ఈఫిల్ టవర్ కింద ఫొటోలు పెడుతుంటే ఆయన గుంటూరులో బంధువుల ఇంట్లో కూర్చుని చూస్తారు. "నీ కోసం మానేశాను" అనే మాట ఆయన అనకపోయినా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. వచ్చే ఏడాది యూరప్ అని తేదీలతో సహా రాసిపెట్టి, డబ్బు విడిగా వేయడం మొదలుపెడితేనే ఈ దారి నిలుస్తుంది. ఈ ఏడాదికి ఓ లాంగ్ వీకెండ్ మెక్సికోనో కెనడానో వెళ్లి రావొచ్చు. గ్రీన్‌కార్డు, ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే రెండు దేశాలకూ విడిగా వీసా అక్కర్లేదు.

మూడోది, రెండూ కలపడం. చాలామంది ఈ ఆలోచన దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే వినడానికి బాగుంటుంది. మీ 15 సెలవులు మొత్తం పెడితే వారాంతాలతో కలిపి మూడు వారాల పైనే వస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి శంషాబాద్‌కు నేరుగా విమానం ఉంది. దారిలో ఐదు రోజులు ఒక్క దేశం చూసి, మిగతా రోజులు ఇండియాలో ఉండొచ్చు. దీంట్లో తిప్పలు పెట్టెలతో. ఇండియా వెళ్లే మనిషి పెట్టెల్లో అందరికీ చాక్లెట్లు, సెంట్లు, విటమిన్ బాటిళ్లు ఉంటాయి. వచ్చేటప్పుడు ఆవకాయ, పొడులు, పట్టుచీరలు. రోజుల తరబడి మధ్యలో ఆగితే ఆ సామాను మీ చేతికే వస్తుంది. నాలుగైదు పెద్ద పెట్టెలతో యూరప్ రైళ్లు ఎక్కి దిగడం కుదరదు. ఒకే ఊర్లో ఒకే హోటల్ తీసుకుని, చుట్టుపక్కల తిరిగి రావడమే మార్గం. అలా అయితే స్నేహితుల బృందంతో కలిసే వీలుండదు. దుబాయ్‌లో ఆగడం సులువే. గ్రీన్‌కార్డు ఉన్న ఇండియన్లకు అక్కడ దిగాక వీసా ఇస్తారు. కానీ జూన్ ఎండలో దుబాయ్ చూసి మీవారు యూరప్ చూసినట్టు అనుకోరు.

ఏ రకంగా యూరప్ వెళ్లినా ఒక ముఖ్యమైన విషయం గుర్తుపెట్టుకోండి. పిల్లలవి అమెరికన్ పాస్‌పోర్టులు కాబట్టి వాళ్లకు షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) అక్కర్లేదు. మీ ఇద్దరికీ కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టుకోవాలి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి జనం చివరి నెలల్లో పరుగెడతారు. అసలు సంగతి ఏమిటంటే, వీసా వచ్చేదాకా మీ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది. మామూలుగా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో హనుమకొండ నుంచి ఫోన్ వస్తే మీ చేతిలో పాస్‌పోర్టు ఉండదు. 2021ని చూసిన మీకు ఈ సంగతి ముందే తెలియకపోతే ఆ రెండు వారాలు నరకం. అందుకని వీలైనంత ముందుగా పెట్టేసి, పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి. అత్యవసరమైతే దరఖాస్తు మధ్యలో పాస్‌పోర్టు తిరిగి ఎలా తీసుకోవాలో అపాయింట్‌మెంట్ రోజునే అడిగి రాసుకోండి.

అమ్మను అమెరికాకే తీసుకురావడం గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, నేనూ ఎక్కువ చెప్పను. బాబు పుట్టినప్పుడు ఆవిడ తీసుకున్న పదేళ్ల వీసా ఇంకా ఉంది కాబట్టి కొత్తగా ఇంటర్వ్యూ బాధ లేదు. మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. కానీ మీరిద్దరూ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లాక కారు నడపలేని మనిషి ప్లేనోలో పొద్దస్తమానం ఏం చేస్తారు? విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు సరిగా డబ్బివ్వవు, మోకాళ్ల నొప్పి పాత జబ్బే. వేసవిలో పిల్లలు ఇంట్లో ఉండే నెలలకైతే బాగుంటుంది. అయినా ఇది ఆవిడను అడిగి తేల్చాల్సిన సంగతి, మీరు మీరు అనుకుని టికెట్ పంపేది కాదు.

ఇంకో భయం మీకుంది. సెలవులన్నీ వాడేస్తే రేపు అమ్మకు ఏదైనా అయితే ఎలా అని. అమెరికాలో జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం ఏదీ లేదు, అందుకే ఆ 15 రోజులను అంత పొదుపుగా చూసుకుంటున్నారు. కానీ తల్లికో తండ్రికో తీవ్రమైన అనారోగ్యం వస్తే ఏడాదిలో 12 వారాల వరకు జీతం లేని సెలవు అడిగే హక్కు చట్టంలో ఉంది. కంపెనీలో కనీసం 50 మంది ఉండాలి, మీరు అక్కడ కనీసం ఏడాది పనిచేసి ఉండాలి. ఒకసారి మీ హెచ్ఆర్‌ను అడిగి మీకు వర్తిస్తుందని తేల్చుకుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. కొన్ని వారాలు ఇండియాలో ఉన్నంత మాత్రాన గ్రీన్‌కార్డుకు ఏమీ కాదు. ఆరు నెలలు దాటితేనే ప్రశ్నలు మొదలవుతాయి.

ఇది చదువుతున్న హెచ్-1బీ వాళ్లు మాత్రం ఈ లెక్కలు తమకు వర్తింపజేసుకోవద్దు. 2025 సెప్టెంబర్ నుంచి స్టాంపింగ్‌కు దాదాపు అందరూ ఇంటర్వ్యూకు వెళ్లాల్సిందే, అదీ సొంత దేశంలోనో నివాసముంటున్న దేశంలోనో. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇండియాలో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు, ఊరికని వెళ్లినవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. మీవారితో మాట్లాడేటప్పుడు ఇది కూడా గుర్తు చేయండి. మీ ఇద్దరికీ ఇప్పుడు ఉన్న వెసులుబాటు ఎంతమందికి లేదో ఆయనకు బాగా తెలుసు.

ఇక ఆయనతో ఎలా చెప్పాలి అన్నది. యూరప్ నుంచి మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే మాట వాదనలోకి దిగి, లెక్కల్లో ఆయనే గెలుస్తారు. నాన్నగారి నుంచి మొదలుపెట్టండి. "ఆ రోజు నేను వెళ్లలేకపోయాను, అది నన్ను ఇంకా వదల్లేదు. పోయినసారి వెళ్లినా నాలుగు రోజుల్లో అది తీరలేదు. నాకు అమ్మ దగ్గర ఒక వారం కావాలి. యూరప్ మానేయమని అడగట్లేదు, రెండూ ఎలా చేద్దామో నువ్వే చెప్పు" అనండి. ఆ రోజు మీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చున్నది కూడా ఆయనే అయి ఉంటారు. ఆయనకు మీరు చెప్పకుండా తెలియాలని మీరు ఇన్నాళ్లు ఎదురుచూశారు. కొందరు మగవాళ్లకు చెప్తేనే తెలుస్తుంది, తెలిశాక చేస్తారు. ఒకవేళ ఆయన విని కూడా "ఈ ఏడాది కుదరదు" అంటే, అప్పుడు మీ సంపాదనలోంచి మీ టికెట్ మీరు కొనుక్కునే హక్కు మీకుంది. దానివల్ల కొన్నాళ్లు ఇంట్లో మాటలు తగ్గుతాయి. ఆ ఖరీదు భరించగలరా అన్నది మీరే తూచుకోవాలి. నాకైతే అంతదూరం వెళ్లదనిపిస్తోంది.

అమ్మ అడగడం మానేశారన్నారు కదా. దాన్ని అలకగా తీసుకోకండి. అడిగితే బిడ్డకు ఇబ్బంది అవుతుందని ఆవిడ నోరు కట్టుకుని ఉంటారు. కాన్‌కూన్ ఫొటోలు పెట్టినందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు, ఇకమీద స్టేటస్ దాచుకోవాల్సిన పనీ లేదు. యూరప్ వెళ్తే వెళ్తున్నామని ముందుగా మీ నోటితో చెప్పండి, అదే ఫోన్లో మీరు వచ్చే నెల కూడా చెప్పండి. తేదీ లేకుండా "త్వరలో వస్తాలే" అన్న మాట మాత్రం వద్దు.

టికెట్లు చూసే ముందు పిల్లల కాగితాలు ఒకసారి తీయండి. పిల్లల అమెరికన్ పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. పదహారేళ్ల లోపు వాళ్లకు కొత్తది కావాలంటే తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి, లేదా రానివాళ్లు నోటరీ చేయించిన అంగీకారం ఇవ్వాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) వెబ్‌సైట్లో దాని వివరాలు, కొత్త ఫొటో ఎక్కించాలి. పాప మీతో నవంబర్‌లో వస్తానంటే ఇవన్నీ వేసవిలోనే చూసుకోండి.

మిగిలింది అత్తగారు. మీరు ఒక్కరే వెళ్తున్న సంగతి గుంటూరుకు మీవారే ఫోన్ చేసి చెప్పాలి, మీరు కాదు. కొడుకు నోట వింటే అది కుటుంబం తీసుకున్న నిర్ణయం అవుతుంది. మీకు వీలైతే ఒక రాత్రి అక్కడ ఉండి రండి. వరంగల్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా గుంటూరులో దిగొచ్చు. కానీ రానూపోనూ రెండు రోజులు పోతాయి. ఎనిమిదింటిలో రెండు అంటే చిన్నవి కావు, ఇవ్వగలిగితేనే ఇవ్వండి. ఇవ్వలేకపోతే వచ్చే ప్రయాణంలో ముందు గుంటూరుకే వస్తామని మీవారితో ఆ ఫోన్లోనే చెప్పించండి.